ఎర్ర గీత ఉన్న పేర్లు

బడిలో పనిచేసిన అందరినీ పిల్లలు గుర్తుపెట్టుకుంటారు, ఆఫీసు గుమాస్తాను తప్ప. లెక్కల మాస్టారు గుర్తుంటాడు, బస్సు డ్రైవరు గుర్తుంటాడు, చివరికి క్యాంటీన్‌లో సమోసాలు అమ్మినాయన కూడా గుర్తుంటాడు. అద్దం కిటికీ వెనక కూర్చుని "ఫోటో ఏదీ, పాస్‌పోర్టు కాపీ ఏదీ" అని సతాయించిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తుండడు. దుబాయ్‌లో ఒక ఇండియన్ బడిలో ఇరవై ఏడేళ్ళు ఆ అద్దం వెనక కూర్చున్నది నేనే. రిజిస్ట్రార్ అని పేరు మాత్రం గొప్పగా ఉండేది. పనల్లా వచ్చిన పిల్లల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించడం, వెళ్ళిపోయే వాళ్ళ పేర్లు కొట్టెయ్యడం.

మా మేనల్లుడి కూతురు ఈ మధ్యే షార్జాలో ఒక బడి ఆఫీసులో చేరింది. "తాతయ్యా, మీ అనుభవాలు రాసివ్వండి, ఇక్కడ కొత్తగా చేరిన మేమందరం చదువుకుంటాం" అని ఫోన్‌లో అడిగింది. నా దగ్గర గొప్పలు నాలుగైదు ఉన్నాయి. వాటిని వినీ వినీ మా ఇంట్లోవాళ్ళు ఇప్పుడు నేను గొంతు సవరించుకుంటేనే లేచి వెళ్ళిపోతున్నారు. అందుకని నేను చెడగొట్టిన పని ఒకటి రాస్తున్నాను. ఇది మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

మా బడిని నడిపించడానికి ఒక కమిటీ ఉండేది. అందులో చాలామంది పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు. తల్లిదండ్రుల తరఫున మాత్రం ఒకే ఒక్క కుర్చీ. రెండేళ్ళకొకసారి దానికి ఎన్నిక. పిల్లవాడి పేరు మా రిజిస్టర్‌లో ఉంటే ఆ ఇంటికి ఒక ఓటు, ఆ ఇంటి పెద్దకు నిలబడే హక్కు కూడా. ఓటర్ల జాబితా తయారు చేసి, పోలింగు పెట్టి, లెక్కించి, ఫలితం మీద సంతకం పెట్టేది రిజిస్ట్రార్. అంటే నేను. అందుకు నాకిచ్చే ప్రతిఫలం ఆ రోజు మధ్యాహ్నం ఒక బిర్యానీ పొట్లం.

కరోనాకు ముందు జరిగిన ఎన్నికలో ఆ కుర్చీలోకి ఎవరూ ఊహించని మనిషి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపరు. ఇంటర్నేషనల్ సిటీలో ఒక గది ఫ్లాటులో భార్య, కూతురితో ఉండేవాడు. ప్రచారమంటే ఆయనకు తెలిసింది ఒకటే. పొద్దున్నే బస్సు స్టాపుల దగ్గర పిల్లల్ని ఎక్కించడానికి వచ్చే తండ్రులతో మాట్లాడేవాడు. ఆ వేళకు అదే రోడ్డు మీద సోనాపూర్ క్యాంపుల నుంచి పనివాళ్ళ బస్సులు పోతుంటాయి. తన కంపెనీ బస్సు వచ్చేదాకా మాట్లాడి, అది రాగానే పరుగున ఎక్కేవాడు. అలా స్టాపుల్లోనే గెలిచాడు.

కమిటీలో అందరూ ఇంగ్లీషులో మాట్లాడితే ఈయన హిందీలో మాట్లాడేవాడు. కొందరు పెదాలు బిగబట్టి నవ్వేవారు. అయితే పంచిన ప్రతి కాగితమూ చదువుకుని వచ్చేది ఈయన ఒక్కడే. స్టోర్ కీపరు కదా, సంతకం పెట్టే ముందు సరుకు చూసుకునే అలవాటు. గెలిచిన వారంలోనే నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"సార్, కమిటీ రూల్సు బుక్కు ఉంటదట గద. నాకొక కాపీ ఇస్తరా? జర తెలుసుకొని మాట్లాడితె మంచిదని."

ఇరవై ఏళ్ళలో ఆ పుస్తకం అడిగిన సభ్యుణ్ణి చూడటం నాకు అదే మొదలు. ముచ్చటేసి నేనే జిరాక్సు తీయించి, ఒక నీలం రంగు ప్లాస్టిక్ ఫైలులో పెట్టి ఇచ్చాను. అప్పటినుంచి ఆ ఫైలు లేకుండా ఆయన మీటింగుకు వచ్చింది లేదు. పోట్లాడి పోట్లాడి ఇంటర్నేషనల్ సిటీ స్టాపు దగ్గర పిల్లలకు నీడ వేయించాడు. అది చిన్న పనే. ఆ ఎండలో నిలబడిన పిల్లలకు మాత్రం చిన్నది కాదు.

ఇంతలో కరోనా వచ్చిపడింది. బడి తలుపులు మూతపడ్డాయి, పాఠాలు ఫోన్లలోకి ఎక్కాయి. జీతాలు కోసేసిన కంపెనీలు కొన్ని, మనుషుల్నే కోసేసినవి కొన్ని. తండ్రులు భార్యాపిల్లల్ని దొరికిన విమానంలో ఊరికి పంపేసి, ఫ్లాటు ఖాళీ చేసి, పడక ఒక్కటి అద్దెకు తీసుకుని మిగిలిపోయారు. పిల్లలు జగిత్యాల నుంచి, ఒంగోలు నుంచి, సిగ్నలు దొరికే డాబాల మీద కూర్చుని మా బడి పాఠాలు వినేవాళ్ళు. వాళ్ళకు 'దీర్ఘకాలిక సెలవు' అని పేరు పెట్టి, రిజిస్టర్‌లో ఒక్కొక్కరి పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆ గీతకు అర్థం నాకే తెలియాలి. ఎవరెక్కడ ఉన్నారో గుర్తుండటానికి నేను సొంతంగా పెట్టుకున్న పద్ధతి అది. అలాంటి పద్ధతులు నాకు బోలెడు ఉండేవి, వాటిని చూసుకుని గర్వం కూడా ఉండేది.

ఆయన భార్య, కూతురు కూడా అలాగే వెళ్ళిపోయారు. ఆయన ఇంటర్నేషనల్ సిటీలోనే ఇంకో ఐదుగురితో ఒక గదిలో చేరాడు. కూతురు పేరు కింద నేను గీత గీశాను.

తర్వాతి సంవత్సరం దసరా రోజుల నాటికి పరిస్థితి చక్కబడింది. పిల్లలందరూ మళ్ళీ తరగతి గదిలో కూర్చోవాలని ఆదేశం వచ్చింది. ఊళ్ళలో ఉండిపోయిన వాళ్ళ సంగతేమిటని కమిటీలో చర్చ వచ్చింది. నెలలోపు రాకపోతే పేరు కొట్టేసి టీసీ ఇచ్చేద్దామన్నారు ఎక్కువమంది. ఆయన ఒక్కడే లేచి, మార్చి దాకా, అంటే చదువు ఏడాది ముగిసేదాకా గడువు ఇవ్వమన్నాడు. వాదన తెగలేదు. కమిటీ పదవీకాలం ఎలాగూ అయిపోతోంది కాబట్టి, ఎన్నికయ్యాక కొత్త కమిటీ మొదటి మీటింగులోనే తేల్చాలని వాయిదా వేశారు.

మర్నాడే ఆయన నామినేషను వేయడానికి వచ్చాడు. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, బాగా గుంటలు పడ్డాయి.

"మళ్ళీ నిలబడుతున్నారన్నమాట" అన్నాను.

"నిలబడకుంటె ఎట్ల సార్? ఆ పిల్లల గురించి మాట్లాడెటోడు ఇంకెవడున్నడు లోపల?"

"మీ అమ్మాయి ఎలా చదువుతోంది?"

"మంచిగ చదువుతది సార్. తొమ్మిదో క్లాసు గద. ఇప్పుడు గనక పేరు కొట్టేస్తె పదో క్లాసు బోర్డు రిజిస్ట్రేషన్ గూడ పోతదట. నడుమల ఇంకో బడి తీసుకోదు. సాల్ మొత్తం ఖరాబ్ అయితది." కాగితం మీద సంతకం పెట్టాడు. "కంపెనీ కొత్త ఫ్యామిలీ వీసాకు కాగితం జనవరిల ఇస్తనన్నది సార్. గప్పటిదాక ఆగితె సాలు. బిడ్డ వచ్చేస్తది. మల్ల ముగ్గురం ఒక్క దగ్గర ఉంటం."

నామినేషన్ మీద 'అభ్యర్థి బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఉన్నది' అన్న చోట నేను సంతకం పెట్టాను. ఆ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి.

ఓటర్ల జాబితా వేసే వారంలోనే ప్రభుత్వం వాళ్ళ తనిఖీ ఉంది. క్లాసురూముల్లో బల్లకూ బల్లకూ మధ్య ఎంత దూరమో కొలిచి రాసుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మా ఆఫీసులో బెజవాడ అమ్మాయి ఒకతె నాకు అసిస్టెంటు. జాబితా టైపు చేస్తూ ఆమె అడిగింది.

"సార్, ఎర్ర గీత ఉన్నవాళ్ళని వెయ్యాలా, వద్దా?"

"ఇక్కడ లేనివాళ్ళు లేనట్టే కదమ్మా. వదిలెయ్."

"పిల్లలు లేరు గానీ సార్, వాళ్ళ నాన్నలు ఇక్కడే ఉన్నారు కదండీ. కిందటిసారి సెలవులో ఉన్నవాళ్ళని కూడా..."

"కిందటిసారి కరోనా లేదమ్మా" అన్నాను విసుగ్గా. ఆ జవాబుకు అర్థం ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. నోరు మూయించడానికి పనికొచ్చింది, అంతే.

జాబితా అచ్చు వేయించి, పద్ధతి ప్రకారం ఆఫీసు ముందున్న నోటీసు బోర్డు మీద మూడు రోజులు అంటించాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మూడు రోజుల్లో చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే. మూడో రోజు సాయంత్రం 'అభ్యంతరాలు ఏవీ రాలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఎలా వస్తాయి? కరోనా నిబంధనల వల్ల ఏడాదిన్నరగా తల్లిదండ్రులెవరినీ గేటు దాటి రానివ్వడం లేదు. 'తల్లిదండ్రులకు లోనికి ప్రవేశం లేదు' అని గేటు మీద పెద్ద అక్షరాల బోర్డు పెట్టించింది కూడా నేనే. ఆ రెండు బోర్డులూ ఒకేసారి నా కళ్ళ ముందున్నాయి. ఒకదాని సంగతి రెండోదానికి అడ్డొస్తుందని నా బుర్రకు తట్టలేదు.

పోలింగు శుక్రవారం పెట్టాం, జుమ్మా నమాజు అయ్యాక. అప్పట్లో అక్కడ సెలవు శుక్రవారమే. ఆ ఒక్క రోజుకూ గేటు తెరిచి, ఒంటి వేడి చూసి, ఫోన్‌లో కరోనా లేదని చూపించే ఆకుపచ్చ గుర్తు చూసి, జాబితాలో పేరు ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు. గంట గడిచాక గేటు కాపలా అతను నన్ను పిలిపించాడు. అతను నేపాలీ, హిందీలోనే మాట్లాడేవాడు.

"సాబ్, లిస్ట్ మే నామ్ నహీ హై, ఫిర్ భీ జా నహీ రహే."

జాబితాలో పేరు లేదన్నా కొందరు కదలడం లేదట. వెళ్ళి చూస్తే ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఒకతను మాసిన కంపెనీ చొక్కాతోనే వచ్చాడు. సోనాపూర్‌లో క్యాంపు చూసుకునే సూపర్‌వైజరు, రెండు బస్సులు మారి వచ్చానన్నాడు.

"సార్, నా కొడుకు గీ బడిలనే ఆరో తరగతి. నిన్న గూడ ఆన్‌లైన్ క్లాసు ఇన్నడు. పేరు లేదంటున్నరేంది?"

"జాబితా మూడు రోజులు బోర్డు మీద పెట్టామండీ. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సింది" అన్నాను.

"ఏ బోర్డు సార్?"

"లోపల, ఆఫీసు ముందు."

అతను తలెత్తి గేటు మీది బోర్డు చదివాడు. చదివి నా వైపు చూశాడు. "మమ్ముల లోపటికి రానియ్యరు గద సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆ క్షణంలోనే పోలింగు ఆపేసి ఉండొచ్చు. అధికారం నాదే. కానీ వెనక వరసలో మంచి చొక్కాలు తొడుక్కున్న వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, అది కప్పిపుచ్చుకోవడానికి గొంతు పెంచాను. "రూలు రూలేనండీ. నేనేం చెయ్యలేను."

అభ్యర్థులు ఇద్దరూ లోపల టెంటు కింద కూర్చుని ఉన్నారు. ఆయన లేచి గేటు దగ్గరకు వచ్చాడు. కమిటీ సభ్యుల పేర్లు జాబితాలో ఎప్పుడూ విడిగా మొదటి పేజీలో ఉంటాయి. అందువల్ల ఆయన ఓటు ఆయనకు ఉంది. తన మనుషులు బయట నిలబడి ఉండటం చూశాడు. నన్నొకసారి చూసి, వాళ్ళతో మెల్లగా అన్నాడు.

"పోయి రారి అన్నా. ఎండల నిలబడకురి. సార్ ఏదన్న జేస్తడు, నేను మాట్లాడుత."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళను నేను చూడలేదు. చూడకుండా ఉండటానికే లోపల కూర్చున్నాను.

సాయంత్రానికి లెక్కింపు అయిపోయింది. ఆయన పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచినాయన మంచివాడే, ఒక బ్యాంకులో ఆఫీసరు. ఆయన పిల్లలిద్దరూ రోజూ బడికి వచ్చేవాళ్ళు. ఊళ్ళలో ఉండిపోయిన పిల్లల గురించి ఆయనకు తెలియదు, అంతే.

అందరూ వెళ్ళాక కాగితాలు సర్దుతున్నాను. కాపలా అతను తన గేటు పుస్తకం తెచ్చిచ్చాడు. తిప్పి పంపిన ప్రతి మనిషి పేరూ అందులో రాసిపెట్టాడు. పందొమ్మిది మంది. ఆ పందొమ్మిది మందీ ఆయనకే వేసేవారని ఏముందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గేటు దగ్గర వాళ్ళ ముఖాలు చూసినవాణ్ణి కదా, ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలవలేదు.

ఆ తర్వాత చేతికి వచ్చింది ఆయన నామినేషన్ కాగితం. 'అభ్యర్థి బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఉన్నది', కింద నా సంతకం. ఆయన కూతురి పేరు కింద కూడా ఎర్ర గీతే ఉంది కదా. గీత ఉన్న పేరు రిజిస్టర్‌లో ఉన్నట్టు లెక్కయితే ఆ పందొమ్మిది మందికీ ఓటు ఉంది. లేనట్టు లెక్కయితే ఈయన నిలబడటానికే వీల్లేదు. నేను ఒకే చేత్తో రెండూ చేశాను.

బీరువాలోంచి రూల్సు పుస్తకం తీశాను. 'దీర్ఘకాలిక సెలవులో ఉన్న విద్యార్థి పేరు, టీసీ ఇచ్చేంతవరకు, రిజిస్టర్‌లో ఉన్నట్టే పరిగణించాలి.' ఏళ్ళ కిందట ఆ పేజీ టైపు చేసింది నేనే.

ఫలితం మీద అభ్యంతరం చెప్పడానికి ఏడు రోజుల గడువు ఉంటుంది. అభ్యంతరం ఇవ్వాల్సింది ఎన్నికల అధికారికే, అంటే నాకే. నేను తప్పు ఒప్పుకుని మళ్ళీ పోలింగు పెడితే సరిపోయేది. ఇంకో శుక్రవారం, ఇంకో బిర్యానీ పొట్లం. అంత తేలిక.

ఆదివారం పొద్దున ముదీర్ గదికి వెళ్ళాను. ముదీర్ అంటే అరబ్బీలో అధికారి. మా బడి మేనేజరును అందరం అలాగే పిలిచేవాళ్ళం, మనిషి లక్నో వైపు వాడైనా సరే. "లిస్టులో చిన్న పొరపాటు జరిగినట్టుంది సార్" అన్నాను హిందీలో. చిన్న అనే మాట ఎందుకు వాడానో నన్నడక్కండి.

ఆయన తల ఎత్తలేదు. "ఎవరైనా కంప్లైంట్ ఇచ్చారా?"

"ఇంకా లేదు సార్."

"తో ఖలాస్. రెండు నెలల్లో రిటైరవుతున్నారు. ఎందుకు మీకీ తలనొప్పి? ఇన్నేళ్ళ రికార్డు మీది."

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాట వినగానే నాకు ప్రాణం తేలికపడింది. సరిగ్గా అప్పుడే తలుపు తట్టి స్టోర్ కీపరు లోపలికి వచ్చాడు. చేతిలో నీలం ఫైలు ఉంది. ముదీర్‌కు నమస్తే పెట్టి, నా పక్క కుర్చీలో కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ ఉంచాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. మావోళ్ళ పేర్లు రూలు ప్రకారమే తీసేసిన్రా?"

ముదీర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ గదిలో నిజం చెప్పడానికి అంతకంటే మంచి భాష లేదు. 'తప్పు నాదే, రేపు అభ్యంతరం రాసివ్వండి' అని మామూలు గొంతుతో చెప్పినా ముదీర్ మేము వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నామనుకునేవాడు. ముదీర్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఇన్నేళ్ళ రికార్డు అన్న మాట నా చెవిలోనే ఉంది.

"రూలు ప్రకారమేనండీ" అన్నాను. "సెలవులో ఉన్నవాళ్ళకు ఓటు ఉండదు."

ఆయన చేతులు ఫైలు మీద నుంచి తీయలేదు.

"మంచిది సార్" అన్నాడు. "మీరు చెప్పిన్రంటె ఇగ అంతే గద."

లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, వెళ్ళిపోయాడు.

ఏడు రోజులూ అభ్యంతరాలు ఏవీ రాలేదు. రెండోసారి కూడా ఆ వాక్యం రాసి సంతకం పెట్టాను. కొత్త కమిటీ మొదటి మీటింగులో ఊళ్ళలో ఉన్న పిల్లల సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మాట్లాడేవాళ్ళు లేరు కదా. నెల గడువు, ఆ తర్వాత టీసీ.

ఆ నెలలో కొందరు తండ్రులు అప్పోసప్పో చేసి పిల్లల్ని తెచ్చుకున్నారు. తెచ్చుకోలేని వాళ్ళ టీసీలు నేనూ బెజవాడ అమ్మాయీ కూర్చుని తయారు చేశాం. ఆమె రాస్తుంటే నేను రిజిస్టర్‌లో పేర్లు కొట్టేస్తున్నాను. గీత కింద ఉన్న పేరు మీద ఇంకో గీత. ఆ అమ్మాయి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాతో పని మాట తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. జాబితా రోజు సంగతి ఎత్తి ఒక్క మాట దెప్పినా నాకు బాగుండేది.

ఆయన కూతురి టీసీ తీసుకోవడానికి ఆయన మధ్యాహ్నం భోజనం వేళ వచ్చాడు, సైటు నుంచి నేరుగా. బూట్లకు సిమెంటు ఉంది. కిటికీ అవతల నిలబడి, అలవాటు ప్రకారం, సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదివాడు. 'బడి వదలడానికి కారణం' అన్న గడి దగ్గర వేలు ఆగింది. అక్కడ 'తండ్రి కోరిక మేరకు' అని ఉంది.

"నేను కోరిన్నా సార్?" అన్నాడు.

"అందరికీ అదే రాస్తామండీ. ఇంకోటి రాస్తే వేరే బడివాళ్ళు అనుమానపడతారు" అన్నాను. అదీ నిజమే. నా జీవితంలో చెప్పిన నిజాలన్నీ అలాంటి చోట్లే చెప్పాను.

ఆయన సంతకం పెట్టాడు. కాగితాన్ని నీలం ఫైలులో పెట్టుకున్నాడు.

డిసెంబరులో నాకు వీడ్కోలు సభ చేశారు. ముదీర్ మైకు పట్టుకుని, ఇరవై ఏడేళ్ళలో ఈయన చేతి నుంచి ఒక్క తప్పు జరగలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బెజవాడ అమ్మాయి మాత్రం చేతిలో ఉన్న సమోసా ప్లేటు వంక చూస్తూ కూర్చుంది. నాకు బహుమతిగా పెన్ను ఇచ్చారు. బీరువాలో ఎక్కడో ఉంది, దాంతో ఎప్పుడూ రాయలేదు.

సొంతూరు కాకినాడ వచ్చాక మూడేళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆయన ఎక్కడో సర్దుకునే ఉంటాడు, పిల్ల చదువుకునే ఉంటుంది అని. కానీ ఎవరైనా నా పాత ఉద్యోగం గురించి అడిగితే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. చివరికి ఒక రోజు సాయంత్రం ఆయన నంబరు వెతికి ఫోన్ చేశాను. పాత నంబరే, మొదటి రింగుకే ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టాడు.

"సార్! మంచిగున్నరా? షుగరు ఎట్లుంది?"

బాగున్నానన్నాను. అమ్మాయి ఎలా ఉందని అడిగాను.

"ఊర్లనే సార్. సాల్ పోయింది గద, తర్వాత మండల్ల బడిల చేర్పించినం. తనకంటె చిన్నోళ్ళ నడుమ కూసొనుడు నామోషి అని ఏడ్సింది శాన. ఇప్పుడు ఇంటర్‌ల ఉన్నది. దుబాయ్ వస్తవా బిడ్డా అంటె రానంటది. ఫోన్ల గూడ ఎక్కువ మాట్లాడది సార్ నాతోని."

"వీసా?" అని అడిగాను.

"జనవరిలనే వచ్చింది సార్, కంపెనీ చెప్పినట్టె. కాగితం వచ్చింది గని మన బడిల సీటు లేదన్నరు. ఇంకో బడికి నా తాకతు సాలది. ఇగ తెచ్చి ఏం జెయ్యాలె? నేను గదే రూముల ఉన్న."

రెండు నెలలు. టీసీ ఇచ్చిన రోజుకూ వీసా వచ్చిన రోజుకూ మధ్య ఉన్నది రెండే నెలలు. నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పేశాను.

"ఆ రోజు ముదీర్ గదిలో మీకు అబద్ధం చెప్పానండీ. రూలు అలా లేదు. మీవాళ్ళందరికీ ఓటు ఉంది. నాకు అప్పటికే తెలుసు."

అవతల బస్సుల చప్పుడు వినిపిస్తోంది.

"ఎరుకనే సార్."

"ఎప్పటినుంచి?"

"గా దినమే. బుక్కు మీరే ఇచ్చిన్రు గద. చదువుకొనే వచ్చిన, ఆ పేజీల చీటీ గూడ పెట్టుకున్న."

"మరి ఎందుకు తీసి చూపించలేదు?"

"ముదీర్ ముంగట ఎట్ల తీస్త సార్? బుక్కు ఇంగ్లీషుల ఉండె, ఆయనకు సమజైతుండె. రిటైరై పోయే ముంగట మీ ఇజ్జత్ పోతుండె. మీరు ఒక్కలున్నప్పుడు పిలుస్తరనుకున్న. అబ్జెక్షనుకు వారం టైముండె గద. ఏడు దినాలు ఫోను చేతుల పట్టుకొనే తిరిగిన సార్, సైటు మీద గూడ."

నేను అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను.

"ఆఖరి దినం పొద్దు మూకెదాక చూసిన" అన్నాడు. ఆ తర్వాత గొంతు మార్చుకుని, "కంపెనీ బస్సు వచ్చింది సార్, ఉంట. మందులు టైముకు ఏసుకోండ్రి" అని ఫోన్ పెట్టేశాడు.